షుగర్ ఉంటే కోవిడ్ ఇట్టే అంటుకుంటుందా? వాన వేరు, కప్పు వేరు

"మీకు షుగర్ కదండీ, మీకు కోవిడ్ ఇట్టే అంటుకుంటుంది, జాగ్రత్త." ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో లెక్కే లేదు. నాకు టైప్ 2 షుగర్ వచ్చి 9 ఏళ్లు, 2020 నుంచీ ఇదే పాట వింటున్నా. ప్రేమతోనే చెప్తారు, కాదనను, కానీ ఆ మాట సగం ఒప్పు సగం తప్పు, అందుకే ఇంకా చిరాకు. పూర్తిగా తప్పైతే నవ్వి ఊరుకోవచ్చు కదా. షుగర్ అంటే ఏంటి, కోవిడ్ అంటే ఏంటి అని మొదలుపెట్టను, ఇన్నేళ్ల తర్వాత కూడా అవి చెప్తే మీరు వీడియో ఆపేసి వెళ్లిపోతారు.

ఒక్కసారి వాన గురించి ఆలోచించండి. వీధిలో వాన పడిందంటే అన్ని ఇళ్ల మీదా పడుతుంది. మీ ఇంటి పెంకులు పాతవి కదా అని మబ్బు వెతుక్కుంటూ వచ్చి మీ మీద రెండు బకెట్లు ఎక్కువ కుమ్మరించదు. వైరస్ అంటుకోవడం అంటే వాన పడటం లాంటిదే. ఎవరి పక్కన కూర్చున్నాం, ఎంతసేపు కూర్చున్నాం, కిటికీలు తీసున్నాయా మూసున్నాయా, అప్పుడు చుట్టుపక్కల ఎంతమందికి ఉంది, మాస్క్ ఉందా లేదా, ప్రధానంగా దీన్ని బట్టే ఉంటుంది. ఇందులో మీ ఫాస్టింగ్ రీడింగ్‌కి పెద్దగా పనిలేదు. షుగర్ సంగతి వచ్చేది వాన మొదలయ్యాక, ఇల్లు కారుతుందా లేదా అన్న దగ్గర.

ఎందుకు కారుతుందంటే, రక్తంలో గ్లూకోజ్ చాలాకాలం ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిల్స్ అని తెల్లకణాలు ఉంటాయి కదా, అవి మందగిస్తాయి, ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి వెళ్లడంలోనూ క్రిముల్ని మింగడంలోనూ. మళ్లీ ఇంకోవైపు జ్వరం వస్తే ఒళ్లు కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదుల్తుంది, వాటి దెబ్బకి లివర్ గ్లూకోజ్ బయటికి తోస్తుంది, ఇన్సులిన్ మాట ఎవరూ వినరు. అందుకే "రెండ్రోజుల నుంచి ఏమీ తినలేదండీ, అయినా 300 చూపిస్తోంది, మిషన్ పాడైందేమో" అంటుంటారు. మిషన్ బానే ఉంది. వాన నీళ్లకి పెంకు కింద చెక్క నానుతుంది, చెక్క నానితే పెంకు ఇంకా జారుతుంది, ఇది కూడా అంతే.

(స్క్రీన్ మీద పెంకుటిల్లు బొమ్మ, ఒక్కో పెంకూ జారుతూ)

సరే, ఎంత కారుతుంది? 2020 మార్చి నుంచి మే మధ్య దాకా ఇంగ్లండ్ మొత్తం జనాభా మీద లెక్క తీశారు. వయసు లాంటి తేడాలు సర్దాక, ఆస్పత్రిలో కోవిడ్‌తో చనిపోయే అవకాశం షుగర్ లేనివాళ్లతో పోలిస్తే టైప్ 2 వాళ్లకి దాదాపు 2 రెట్లు, టైప్ 1 వాళ్లకి, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని వాళ్లకి, దాదాపు మూడున్నర రెట్లు వచ్చింది. అమ్మో అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది, ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కానీ దేనికి రెండు రెట్లు అని ఎవరూ అడగరండీ! చుక్కకి రెండు రెట్లంటే రెండు చుక్కలు, బిందెకి రెండు రెట్లంటే రెండు బిందెలు. అదే లెక్కలో 40 ఏళ్ల లోపు వాళ్లకి షుగర్ ఉన్నా అసలు ముప్పు చాలా తక్కువగానే ఉంది. ఎందుకంటే అన్నిటికంటే పెద్ద విషయం కప్పు ఎన్నేళ్లది అన్నది. 1.7 కోట్ల మంది రికార్డులతో చేసిన ఇంకో స్టడీ ఉంది, అదీ ఇంగ్లండ్‌దే, అందులో 50ల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే 80 దాటినవాళ్లకి చనిపోయే ముప్పు 20 రెట్లు. 20 ఎక్కడ, 2 ఎక్కడ! అంటే 35 ఏళ్ల షుగర్ మనిషి కంటే, షుగర్ లేకుండా హాయిగా తిరిగే 80 ఏళ్ల పెద్దాయన కప్పే ఎక్కువ కారుతుంది, కానీ ఫోన్ చేసి జాగ్రత్త చెప్పేది మాత్రం ఆ 35 ఏళ్ల అబ్బాయికే.

ఆ రెండో స్టడీలోనే నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. మూడు నెలల టెస్ట్, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, 7.5 లోపు ఉన్నవాళ్లకి షుగర్ లేనివాళ్లతో పోలిస్తే ముప్పు 1.3 రెట్లు, అది దాటినవాళ్లకి దాదాపు 2 రెట్లు. షుగర్ ఉందా లేదా అన్నది కాదు, ఎలా ఉంది అన్నది ప్రశ్న. ఇక్కడ ఒక మెలిక ఉంది, కంట్రోల్ వల్లే తగ్గిందని దీంతో రుజువైపోయినట్టు కాదు, షుగర్ చూసుకునేవాళ్లు మిగతావీ చూసుకుంటారు కదా. అయినా నేనైతే పెంకులు సర్దుకుంటాను బాబూ. ఆ టెస్ట్ చూసేది ఎర్రకణాలకి అంటుకున్న షుగర్‌ని, ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ టెస్ట్ మూడు నెలల సంగతి చెప్పేది అందుకే, కాబట్టి రేపు కేసులు పెరిగాయని ఇవాళ స్వీట్లు మానేస్తే ఆ నంబర్ వెంటనే కదలదు. కప్పు నేయించేది ఎండాకాలంలోనే.

ఇప్పుడు అటు బ్యాచ్. "నా షుగర్ కంట్రోల్‌లో ఉంది, నాకేం కాదు." బీపీ ఉందా, కిడ్నీ ఎలా ఉంది, బరువెంత, గుండె సంగతేంటి? ఒక్క పెంకు చూసుకుని కప్పంతా బాగుందనుకుంటే ఎలా? ఇంకోటి, నేను చెప్పిన అంకెలన్నీ వ్యాక్సిన్ రాకముందువి. వ్యాక్సిన్ అంటే కప్పు మీద పట్టా కప్పినట్టు, ఇవాళ్టి పరిస్థితికి ఆ అంకెలు యథాతథంగా అతికించకూడదు, కానీ పట్టా కూడా ఎండకి చీకుతుంది, అందుకే బూస్టర్లు.

మరి బయటికి వెళ్లాలా వద్దా? నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. భయపడి 2020లో నెలల తరబడి గుమ్మం దాటలేదు, నడక మానేశా, తిండికి వేళాపాళా లేదు, టెన్షన్ సరేసరి. కోవిడ్ రాలేదు. మూడు నెలల టెస్ట్ మాత్రం 6.9 నుంచి 8.1కి పోయింది. వానకి భయపడి కూర్చున్నా, లోపల చెదలు పట్టింది. ఇప్పుడు వాకింగ్ అస్సలు ఆపను, ఫంక్షన్లకీ వెళ్తా, కిటికీలు లేని గదిలో పక్కన ఎవరైనా దగ్గుతుంటే మాత్రం మొహమాటం లేకుండా లేచి వచ్చేస్తా, కేసులు పెరిగితే మాస్క్.

అయ్యో టైం అయిపోతోంది, అసలు ముఖ్యమైనవే మిగిలాయి, గబగబా చెప్పేస్తా. కోవిడ్ వస్తే ఇన్సులిన్ మీ అంతట మీరు ఆపొద్దు, తినకపోయినా సరే, డోసు ఎంతన్నది డాక్టర్ని అడగండి, టైప్ 1 వాళ్లయితే అస్సలు ఆపకూడదు. కొన్ని గంటలకోసారి షుగర్ చూస్కోండి, నీళ్లు తాగుతూ ఉండండి. వాంతులు విరేచనాలు ఉంటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కొన్నాళ్లు ఆపమంటారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త, వాటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే లోపల కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు, ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు, ఒంట్లో బాలేనప్పుడు ఆపాలా అని ముందే అడిగి రాసి పెట్టుకోండి. పాక్స్‌లోవిడ్ లాంటి కోవిడ్ వైరస్‌ని అడ్డుకునే మందులు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి, కాబట్టి "మామూలు జలుబేలే" అని వారం కూర్చోకండి, టెస్ట్ చేసుకోండి, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో అది పడదు, అన్ని మందులూ చెప్పండి. స్టెరాయిడ్, అదే డెక్సామెథసోన్, ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి ప్రాణం నిలబెట్టే మందే, కానీ షుగర్‌ని ఎగదోస్తుంది, కప్పు బాగుచేయడానికి ఎక్కిన మనిషి కాళ్ల కింద రెండు పెంకులు పగిలినట్టు. ఎక్కనివ్వాలి, కింద గిన్నెలు పెట్టుకోవాలి, అంటే ఇన్సులిన్ పెంచాల్సి రావచ్చు, దానికి బెదిరిపోవద్దు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లు సొంతంగా కొనుక్కుని మింగడం మాత్రం కాదు!

వాంతులు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా, మనిషి మత్తుగా ఉన్నా ఆస్పత్రే, ఇంక ఫోన్లు చేసుకుంటూ కూర్చోవద్దు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు కీటోన్ స్ట్రిప్స్ ఇంట్లో పెట్టుకోండి, ఉంటే డబ్బా మీద డేట్ చూడండి. మా ఇంట్లో టైప్ 1 పిల్ల ఉంది, దానివి పోయిన నెలే ఎక్స్‌పైర్ అయ్యాయి, ఈ స్క్రిప్ట్ రాస్తుంటేనే చూశా.