రిసెప్షన్ అయిపోయాక కూడా వేసుకునే సూట్: మొదటిసారి కుట్టించుకునేవాళ్ల కోసం

[బీరువా తలుపు తెరుచుకుంటుంది. పట్టుచీరల పక్కన జిప్ వేసిన నల్ల కవరు వేలాడుతోంది.]

అందరికీ నమస్కారం. ఈ కవర్లో ఉన్నది నా రిసెప్షన్ సూట్. మెరూన్ రంగు, లైటు పడితే తళతళలాడే గుడ్డ, మెడ చుట్టూ నల్ల శాటిన్. పెళ్లై ఎనిమిదేళ్లయింది. దీన్ని వేసుకున్నది మాత్రం ఒక్క సాయంత్రమే. తర్వాత ఒకసారి ఇంటర్వ్యూ ఉందని బయటికి తీశాను. అద్దంలో చూసుకున్నాక మళ్లీ కవర్లో పెట్టేసి మామూలు చొక్కాతోనే వెళ్లాను.

మనలో చాలామంది మొదటి సూట్ సంగతి ఇంతే. సంబంధం కుదురుతుంది, ముహూర్తం పెట్టుకుంటారు, రిసెప్షన్‌కి సూట్ ఉండాలంటారు. షాపుకెళ్లి పెళ్లికూతురి చీరకి మ్యాచ్ అయ్యే రంగు చూపించమంటాం. ఆ సూట్ ఒక్క రాత్రికే అని అక్కడే రాసిపెట్టేసినట్టు. అందుకే ఇవాళ మీకు చెప్పాలనుకున్నది ఒక్కటే. మొదటి సూట్ స్టైల్ ఎంచుకునేటప్పుడు రిసెప్షన్ స్టేజీని పక్కన పెట్టి, ఆ తర్వాతి పదేళ్లు గుర్తుపెట్టుకోండి. ఒంటికి కుదిరిన సూట్ స్టేజీ మీద ఎలాగూ బాగుంటుంది.

[సికింద్రాబాద్‌లో ఒక సందు. చిన్న షాపు. చెక్క బల్ల మీద సుద్దముక్క, పెద్ద కత్తెర, మెడలో టేపుతో ఒక పెద్దాయన.]

నా రెండో సూట్ సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన దగ్గర కుట్టించుకున్నాను. వయసంతా కోట్లు కత్తిరించిన మాస్టర్. ఫోన్లో సేవ్ చేసుకున్న ఫొటోలు చూపించబోతే ఆయన అటు చూడలేదు. "ముందు ఈ కోటు ఎక్కడెక్కడికి వేసుకెళ్తావో చెప్పు బాబూ. గుడ్డ సంగతి తర్వాత" అన్నారు. జవాబు చెప్పడానికి నాకు కాస్త టైమ్ పట్టింది. అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు.

మీరు కూడా షాపుకెళ్లే ముందు ఈ జవాబు రాసి పెట్టుకోండి. క్లయింట్ మీటింగులా, కాన్వొకేషనా, విదేశంలో ఉద్యోగానికి వెళ్తున్నారా, తమ్ముడి పెళ్లా? నిజంగా పెళ్లిళ్లకే అయితే మాత్రం సూట్ వద్దనే చెప్తాను. జోధ్‌పురి బంద్‌గలా, అంటే మెడదాకా గుండీలు పెట్టుకునే కోటు కుట్టించుకోండి. టై గొడవ ఉండదు, మన పట్టుచీరల మధ్య అది ఇంకా నిండుగా ఉంటుంది. పెళ్లిళ్లతో పాటు ఆఫీసుకి కూడా అనుకుంటే రంగు దాదాపు తేలిపోయినట్టే. నేవీ బ్లూ, లేదంటే మధ్యరకం గ్రే. గళ్లు, చారలు వద్దు. నలుపు చాలామందికి ఇష్టం, కానీ పగటి వెలుగులో నల్ల సూట్ బరువుగా కనపడుతుంది, దుమ్ము కూడా వెంటనే తెలిసిపోతుంది. మొదటిది నేవీ అయితే దానికి తెల్ల చొక్కా నప్పుతుంది, లేత నీలం నప్పుతుంది, బ్రౌన్ బూట్లూ నల్ల బూట్లూ రెండూ నప్పుతాయి.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. పెద్ద షోరూముల్లో కొలతలు తీసుకుంటారు, మూడు వారాల్లో సూట్ ఇస్తారు. అక్కడ చాలాచోట్ల జరిగేది, ముందే తయారుగా ఉన్న నమూనాని మీ కొలతకి సర్దడం. అది తప్పేం కాదు, మామూలు ఒళ్లున్నవాళ్లకి బాగానే కుదురుతుంది. బీస్పోక్ అంటే మీ ఒంటికే కొత్తగా కాగితం మీద గీసి, కత్తిరించి, వదులు కుట్లతో ట్రయల్ వేసి, విప్పి మళ్లీ కుట్టడం. ఆ మాట లండన్‌లో దర్జీ షాపులకి పేరున్న సావిల్ రో వీధి వాడుకగా పేరుపడింది. హెన్రీ పూల్ అనే దర్జీ కంపెనీ 1846లో ఆ వీధిలోకి తలుపు తెరిచింది. తానులోంచి ఒక గుడ్డని ఫలానా ఆయన తనకని చెప్పి పెట్టుకుంటే, ఇక అది మాట ఇచ్చేసిన గుడ్డ. ఆ అర్థంలోంచే బీస్పోక్ అనే పేరు వచ్చిందంటారు.

[గోడకి ఆనించిన నిలువుటద్దం. మాస్టర్ వేళ్లు భుజం చివర ఎముకని వెతుకుతున్నాయి.]

స్టైల్ అనగానే అందరూ ల్యాపెల్ (ఛాతీ మీద వెనక్కి మడిచిన కోటు అంచు), గుండీలు అంటారు. నేను భుజంతో మొదలుపెడతాను, ఎందుకంటే కుట్టాక సరిచేయడం అన్నిటికన్నా కష్టమైనది అదే. నడుము బిగించొచ్చు, చేతులు పొట్టి చేయొచ్చు. భుజం తప్పితే కోటు మొత్తం విప్పాల్సిందే.

బ్రిటిష్ పద్ధతిలో, ముఖ్యంగా మిలిటరీ యూనిఫారాల ప్రభావం ఉన్న కట్‌లో, భుజానికి ప్యాడ్ ఉంటుంది, ఛాతీ నిలబడినట్టు ఉంటుంది. ఇటలీలో నేపుల్స్ నగరం దీనికి ఎదురు దారి పట్టింది. 1930ల్లో విన్సెంజో అట్టోలిని అనే కట్టర్ ప్యాడ్లు తీసేసి, లైనింగ్ తగ్గించి, చొక్కాలా ఒంటికి వాలే కోటు చేశాడు. నేపుల్స్‌లో ఎండలెక్కువ. విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి నా ఓటు పల్చటి ప్యాడ్, సగం లైనింగ్‌కే. మీ భుజాలు బాగా జారినట్టుంటే కాస్త ప్యాడ్ పెట్టమనండి. చాలామందికి ఒక భుజం రెండోదానికన్నా కిందికుంటుంది. మా మాస్టర్ చేత్తో తడిమే నా కుడి భుజం కిందికుందని చెప్పారు. ఆ వైపు మాత్రమే ఒక పొర ఎక్కువ వేశారు. ఇప్పుడు కోటు వేసుకుంటే రెండూ సమంగా కనపడతాయి. రెడీమేడ్‌లో ఇది దొరకదు.

భుజం దాకా వచ్చాం కాబట్టి కోటు చంక సంగతి కూడా. చేయి ఆడాలి కదా అని చంక వదులుగా పెట్టించుకుంటాం. జరిగేది వేరు. చంక కిందికుంటే చేయి ఎత్తినప్పుడు కోటంతా పైకి లేస్తుంది. చంక పైకి, దగ్గరగా ఉంటే చేయి ఒక్కటే కదులుతుంది, కోటు కదలదు. మొదట్లో కొత్తగా అనిపిస్తుంది, పది నిమిషాల్లో అలవాటవుతుంది.

[బల్ల మీద మూడు కోట్లు పక్కపక్కనే.]

ముందు భాగం సంగతికొస్తే, మొదటి సూట్‌కి సింగిల్ బ్రెస్ట్ (ముందు ఒకే వరస గుండీలు), రెండు గుండీలు, నాచ్ ల్యాపెల్ (కాలరుతో కలిసేచోట గంటు ఉండేది). రెండు వరసల గుండీలుండే డబుల్ బ్రెస్ట్ నాకు చాలా ఇష్టం, కానీ అది గుండీలు పెట్టుకునే ఉండాలి, ఎండలో విప్పుకుని తిరగలేం. రెండో సూట్‌కి దాచుకోండి. మొన పైకి లేచి ఉండే పీక్ ల్యాపెల్ కాస్త దర్జాగా ఉంటుంది, పొట్టిగా ఉన్నవాళ్లని కొంచెం పొడుగు చూపిస్తుంది, కావాలంటే పెట్టించుకోవచ్చు. గంటు లేకుండా గుండ్రంగా దిగే శాటిన్ షాల్ కాలర్ మాత్రం డిన్నర్ కోటుది. నా మెరూన్ కోటు మీద ఉన్నది అదే, అందుకే అది ఇంటర్వ్యూకి పనికిరాలేదు. ల్యాపెల్ వెడల్పు మూడుంపావు అంగుళాల దగ్గర ఉంచండి. మరీ సన్నం చేస్తే ఫ్యాషన్ మారగానే పాతబడుతుంది.

పై గుండీ బొడ్డుకి కాస్త పైన ఉండాలి. కింది గుండీ పెట్టుకోరు, కట్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. వెనక రెండు చీలికలు పెట్టించుకుంటే కుర్చీలో కూర్చున్నప్పుడు కోటు నలగదు. కోటు పొడవు సీటుని కప్పాలి. ఇప్పుడు పొట్టి కోట్లు కుట్టేస్తున్నారు, వాటివల్ల కాళ్లు పొడుగ్గా కనపడతాయని అనుకుంటారు. అద్దంలో పక్కనుంచి చూసుకోండి, మీకే తెలుస్తుంది.

ప్యాంటు గురించి మనం అసలు మాట్లాడం, అక్కడే సగం సూట్లు చెడిపోతాయి. జీన్స్ కొలతకి అలవాటుపడి నడుము కిందికి పెట్టించుకుంటాం. అప్పుడు గుండీ కింద చొక్కా తెల్లగా ముక్కోణంలా బయటికి కనపడుతుంది. ప్యాంటు బొడ్డు దగ్గరికి రావాలి. పొట్ట ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ముందు ఒక ప్లీట్ (మడత) ఉంటే కింద కూర్చుని భోజనం చేయడానికి కూడా ఇబ్బంది ఉండదు.

[దగ్గరి షాట్: పాత మెరూన్ కోటు ఛాతీ. గుడ్డ మీద చిన్న చిన్న బుడగలు.]

ఈ బుడగలు చూశారా? రెండోసారి డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాక వచ్చాయి. ఇది పేస్టింగ్ కోటు. అంటే గుడ్డ వెనక బక్రం లాంటిది జిగురుతో, వేడితో అతికించేశారు. ఆ జిగురు వదిలిన చోట గుడ్డ ఇలా లేస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. కాన్వాస్ కోటులో గుడ్డకి, లైనింగ్‌కి మధ్య గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గుడ్డని కుట్టి వదిలేస్తారు. అది వేసుకున్నకొద్దీ మీ ఛాతీకి అలవాటుపడుతుంది. మొత్తం కాన్వాస్‌కి ఖర్చెక్కువ. ఛాతీ వరకే వేసే సగం కాన్వాస్ మొదటి సూట్‌కి చాలు. మాస్టర్ గారిని నేరుగా అడగండి: "పేస్టింగా, కాన్వాసా?" అని. ఛాతీ దగ్గర పైగుడ్డని, లోపలి గుడ్డని రెండు వేళ్లతో విడివిడిగా లాగి చూడండి. మధ్యలో మూడో పొర జారుతూ తగిలితే కాన్వాసే. ఖరీదైన గుడ్డ కొని పేస్టింగ్ చేయించే బదులు, మామూలు ఊల్ తీసుకుని ఆ డబ్బు కుట్టుకూలికి పెట్టండి.

గుడ్డ కొనేటప్పుడు సూపర్ 100, సూపర్ 120 అంటారు. ఆ అంకె ఊలు పోగు ఎంత సన్నమో చెబుతుంది. 100 అంటే 18.75 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, 120 అంటే 17.75కి. అంకె పెరిగితే మెత్తదనం పెరుగుతుంది, త్వరగా నలుగుతుంది కూడా. తరచూ వేసుకునే సూట్‌కి 100, 110 చాలు. చదరపు మీటరుకి 230 నుంచి 260 గ్రాములున్న ఊల్ మన వాతావరణానికి సరిపోతుంది. పాలిస్టర్ కలిపిన టెర్రీవూల్ చవక, నలగదు, కానీ చెమట పడితే గాలాడదు. రెండు ముక్కల సూట్‌కి సాధారణంగా మూడు నుంచి మూడుంపావు మీటర్లు పడుతుంది. గుడ్డని పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి, ముడతలు ఎంతసేపట్లో పోతాయో చూడండి. తర్వాత షాపు లైట్ల కింద నమ్మకుండా గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో రంగు చూసుకోండి.

[ట్రయల్. కోటు నిండా తెల్ల దారపు కుట్లు, ఒక చేయి ఇంకా అతకలేదు, వీపు మీద సుద్ద గీతలు.]

ట్రయల్‌కి వెళ్లేటప్పుడు సూట్‌తో వేసుకునే చొక్కా, బూట్లు వేసుకెళ్లండి. టీషర్టు, చెప్పులతో వెళ్తే ఆ రోజు వృథా. పెళ్లికి రెండు నెలల ముందే గుడ్డ ఇస్తే రెండు ట్రయల్స్‌కి టైమ్ ఉంటుంది, మాస్టర్ గారికీ టెన్షన్ ఉండదు. గుండీ పెట్టి నిలబడండి. గుండీ దగ్గర గుడ్డ ఇంటూ గుర్తులా లాగితే నడుము బిగుతైనట్టు. రెండు చేతులూ ముందుకు చాపండి, కోటు కాలరు చొక్కా కాలరుని వదిలేసి వెనక్కి జరిగితే చెప్పండి. కూర్చోండి, లేవండి, పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టినట్టు వంగి చూడండి. కోటు చేతుల చివర చొక్కా అరంగుళం కనపడాలి. మొహమాటపడొద్దు. తెల్లదారం దశలో చెప్పిన మాట మాస్టర్‌కి అరగంట పని, అంతా అయ్యాక చెప్తే రెండు రోజుల పని. మంచి మాస్టర్ మీరు చెప్పకముందే సుద్ద తీస్తారు.

చివరి ట్రయల్‌లో ఒక మాట అడగండి. ప్యాంటు నడుము వెనక, కోటు వీపు కుట్టులో మార్జిన్ ఎంత వదిలారని. పెళ్లయ్యాక ఒళ్లు రావడం మనకి మామూలే. ప్యాంటులో రెండంగుళాలు లోపల ఉంటే సూట్ మీతోపాటు పెరుగుతుంది. డెలివరీ రోజు మిగిలిన గుడ్డముక్క, రెండు గుండీలు అడిగి తెచ్చుకుని కోటు లోపలి జేబులో పెట్టండి. మా మాస్టర్ అడక్కుండానే కాగితంలో చుట్టి ఇచ్చారు. మొన్న మా తమ్ముడి పెళ్లిలో కుర్చీ మేకుకి తగిలి ప్యాంటు చిరిగింది. ఆ ముక్కతోనే రఫ్ఫు చేయించాను.

[ప్యాంటు దగ్గరి షాట్. మోకాలి పక్కన వేలు చూపిస్తోంది. అతుకు కనపడదు.]