చదివిన చోటే రాయాలంటే ముందు వెనక్కి రావాలి

అందరికీ నమస్కారం. సీ లాంగ్వేజ్‌లో ఫైల్ మధ్యలో ఒక్క రికార్డు మార్చబోయి పక్క రికార్డు పోగొట్టుకున్నారా? ఈ వీడియో మీకోసమే.

స్క్రీన్ మీద స్ట్రక్చర్ చూడండి. రోల్ నంబర్ 4 బైట్లు, పేరుకి 32, మార్కులకి 4. మొత్తం 40 బైట్లు. ఫైల్లో ఇలాంటి రికార్డులు ఐదు వరసగా ఉన్నాయి. మూడో అమ్మాయి మార్కులు 41 నుంచి 67కి మార్చాలి.

ముందున్న రెండు రికార్డులూ దాటాలి, అంటే 80 బైట్లు. ఫైల్లో కావాల్సిన చోటికి తీసుకెళ్లే ఫంక్షన్ ఎఫ్‌సీక్. దానికి మనం చెప్పేవి మూడే: ఏ ఫైలు, ఎన్ని బైట్లు, ఎక్కణ్ణుంచి. సీక్ సెట్ అంటే ఫైలు మొదట్నుంచి, సీక్ కర్ అంటే ఇప్పుడున్న చోటు నుంచి, సీక్ ఎండ్ అంటే చివర్నుంచి. ఇక్కడ 80, సీక్ సెట్. ఎఫ్‌రీడ్‌తో చదివాం, మార్కులు మార్చాం, ఎఫ్‌రైట్‌తో రాశాం. రన్ చేస్తున్నా, చూడండి.

మూడో అమ్మాయికి ఇంకా 41 మార్కులే. నాలుగో అబ్బాయి అసలు లేడు! వాడి చోట మూడో అమ్మాయే ఇంకోసారి కూర్చుంది, 67 మార్కులతో.

ఎందుకంటే సీలో చదవడానికి ఒక పొజిషను, రాయడానికి ఇంకోటి ఉండవు. రెండిటికీ ఒకటే. 80 దగ్గర మొదలుపెట్టి 40 బైట్లు చదివేసరికి అది 120కి వచ్చేసింది. 120 నాలుగో వాడి ఇల్లు.

కాబట్టి రాసేముందు మళ్లీ ఎఫ్‌సీక్: మైనస్ 40, సీక్ కర్. 40 అని అంకె వేయకుండా, స్ట్రక్చర్ ఎన్ని బైట్లో చెప్పే సైజ్ఆఫ్ వాడండి. కాకపోతే సైజ్ఆఫ్ ఇచ్చేది అన్‌సైన్డ్ విలువ, అంటే మైనస్ ఉండనిది. అందుకని దాన్ని మైనస్ కూడా పట్టే లాంగ్ టైపుకి మార్చాకే, అంటే కాస్ట్ చేశాకే, మైనస్ పెట్టాలి.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. పాత కోడ్‌లో ఒక్కోసారి ఎఫ్‌సీక్, సున్నా, సీక్ కర్ అని కనిపిస్తుంది. ఎక్కడికీ కదలని లైను కదా అని తీసేయకండి! ప్లస్ ఉన్న మోడ్‌లో, అంటే చదవడానికీ రాయడానికీ కలిపి ఫైలు ఓపెన్ చేసినప్పుడు, చదివిన వెంటనే రాయకూడదు, మధ్యలో పొజిషన్ సెట్ చేయాలని సీ స్టాండర్డే చెబుతోంది. చదువుతూ చదువుతూ ఫైలు చివరికి చేరితే తప్ప. రాశాక చదవాలన్నా అంతే, అక్కడ, రాసి ఇంకా మెమరీలోనే ఆగిన డేటాని ఫైల్లోకి పంపే ఎఫ్‌ఫ్లష్ కూడా సరిపోతుంది. ఆ లైను లేకపోతే ఒక మెషీన్లో నడిచింది ఇంకో మెషీన్లో నడవకపోవచ్చు.

ఫైలు ఓపెన్ చేసేటప్పుడు మోడ్ ఆర్ బి ప్లస్ పెట్టండి, ఉన్న ఫైలునే చదివి, రాయడానికి. డబ్ల్యూ ప్లస్ పెడితే ఓపెన్ చేయగానే పాత డేటా పోతుంది. ఎ ప్లస్‌లో ఎన్ని ఎఫ్‌సీక్‌లు చేసినా రాత చివరికే వెళ్తుంది.

ఎఫ్‌సీక్ సున్నా ఇస్తేనే పని అయినట్టు, చెక్ చేయండి. విండోస్‌లో లాంగ్ 4 బైట్లే, అందుకే 2 జీబీ దాటిన ఫైళ్లకి అక్కడ ఎఫ్‌సీక్ ఐ 64, లినక్స్‌లో అయితే ఎఫ్‌సీక్ ఓ.

సరిచేసిన ప్రోగ్రాం రన్ చేసి హెక్స్‌డంప్ తీస్తున్నా, అంటే ఫైల్లోని బైట్లన్నీ పదహారు ఆధారంగా ఉన్న అంకెల్లో చూపించేది. 70 అని మొదలయ్యే వరస చూడండి. ఐదో బైట్ ఇందాక 29, ఇప్పుడు 43, అంటే మన లెక్కలో 67. తొమ్మిదో బైట్ నుంచి 04 00 00 00. నాలుగో అబ్బాయి రోల్ నంబరు, చెక్కుచెదరకుండా ఉంది.