కోటయ్యను కోతయ్య చేయని కీబోర్డు

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న అయ్యవార్లకు, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లకాయలకు నమస్కారం.

నన్ను పిలిచినవాళ్లు "కంప్యూటర్లో తెలుగు" మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం నాకు చేత కాదు. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించిన ఈ కడపలో నిలబడి భాష గురించి ఉపన్యాసం ఇచ్చేంత చదువు నాకు లేదు. నేను ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో డీటీపీ షాపు నడుపుకుంటున్నవాన్ని. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, కలెక్టరాఫీసుకు పోయే అర్జీలు, ఇవే నా సాహిత్యం. అయితే నలభై ఏడేండ్ల వయసులో ఈ వేళ్లకు పాత అలవాటు మాన్పించి ఇన్‌స్క్రిప్ట్ అనే కొత్త కీబోర్డు నేర్పినాను. దాని గురించి చెప్పగలను.

మొదట ఆ పెండ్లి పత్రిక సంగతి చెప్పాలి. పెండ్లికొడుకు నాయన పేరు కోటయ్య. నేను అప్పుడు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో ఉన్నాను. అందులో పెద్ద టి కొడితే "ట", చిన్న టి కొడితే "త". పండగ ముందు రోజులు, షాపు నిండా జనం, చిటికెన వేలు షిఫ్టు మీద సరిగా ఆనలేదు. ఐదు వందల పత్రికలు అచ్చయి వచ్చినాక పెండ్లికొడుకే తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టినాడు. "ఏం సామీ, మా నాయనకు తోక పెట్టినావే!" అన్నాడు. చూస్తే "కోతయ్య". పాపం ఆ పిల్లోడు నవ్వినాడు కానీ కోటయ్య నవ్వలేదు. నా ఖర్చుతో మళ్లా అచ్చు వేయించి ఇచ్చినాను.

ప్రూఫు నేను చూసుకున్నాను, వాళ్లూ చూసుకున్నారు. ఎవరి కంటికీ ఆనలేదు. ఎందుకంటే "కోతి" అనేది కూడా తెలుగు మాటే కదా, కన్ను దాన్ని దాటిపోతుంది. నాకు నిద్ర పట్టనిది ఖర్చుకు కాదు, దీనికి. తప్పు జరగడం వేరు, తప్పు మంచి మాట వేషం వేసుకొని కూర్చోవడం వేరు. "వడ" "వద" అవుతుంది, "గణపతి" "గనపతి" అవుతాడు. అన్నిటికీ కారణం ఒకటే. ట-త, డ-ద, ణ-న అనే జంటలకు ఇంగ్లీషులో చెరొక అక్షరం లేదు కాబట్టి ఒకే కీ మీద షిఫ్టు తేడాతో సర్దినారు.

అంతకు ముందు నేను వేరే కీబోర్డులో ఉండేవాన్ని. పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరు కాలం అది. అప్పటి డీటీపీ ఫాంట్లలో అక్షరం చూడ్డానికి తెలుగు, దాని కడుపులో ఉండేది ఇంగ్లీషు గుర్తు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే డాలరు గుర్తులు, యూరపు అక్షరాలు వరుసగా కనపడేవి. ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే యూనికోడ్ వచ్చి ఆ బాధ తీర్చింది. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది, "క"కు 0సి15 అని సొంత నంబరు వచ్చింది. మన షాపుల దాకా చేరడానికి చానా ఏండ్లు పట్టింది, అది వేరే కథ. ఆఫీసుల వాళ్లు యూనికోడ్‌లో పంపమని అడగడం మొదలుపెట్టినాక, త్వరగా వస్తుందని నేను ఇంగ్లీషు అక్షరాల దారి పట్టినాను. నిజంగానే ఒక్క పూటలో వచ్చింది. ఒక్క పూటలో వచ్చినదానికి ఎన్నేండ్లు వడ్డీ కట్టినానో కోటయ్యకు తెలుసు.

ఇప్పుడు ఇన్‌స్క్రిప్ట్ బోర్డు సంగతి. కొత్తదేమీ కాదు. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ తయారు చేయించింది, 1991లో ఐఎస్ 13194 అనే భారత ప్రమాణంలో చేరింది. విండోస్‌లో, లినక్స్‌లో దాన్ని కొనే పని లేదు, సెట్టింగుల్లో తెలుగు కలుపుకుంటే చాలు. ఇన్నేండ్లు నా బల్ల మీదున్న కంప్యూటర్లోనే ఉండి నేను తొంగి చూడలేదు. ఒకసారి చూసినాను కూడా, అక్షరాలు చిందరవందరగా కనపడి మూసేసినాను.

కోతయ్య తర్వాత మళ్లా తెరిచి, బోర్డు బొమ్మను కాగితం మీద అచ్చు తీసి ముందర పెట్టుకున్నాను. నడిమి వరుసలో కుడి చేతి కింద ఏమున్నాయంటే ప, ర, క, త, చ, ట. దాని పై వరుసలో బ, హ, గ, ద, జ, డ. ర-హ జంటను పక్కన పెట్టండి. క మీద గ, చ మీద జ, ట మీద డ, త మీద ద, ప మీద బ. నాకు ఒళ్లు జలదరించింది. బళ్లో తెలుగు అయ్యవారు బెత్తం పట్టుకొని చెప్పించిన సరళాదేశ సంధి కదా ఇది! పరుషాలు కింద, సరళాలు పైన. షిఫ్టు పట్టుకుంటే అదే కీ మీద ఖ, ఘ, ఛ, ఝ, అంటే ఒత్తు పలికే అక్షరాలు. తెలుగులో అవి తక్కువే వస్తాయి కాబట్టి షిఫ్టు పనీ తక్కువే.

ఎడమ చేతికి గుణింతం. దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, కొమ్ము దీర్ఘం, ఏత్వం, ఐత్వం, ఓత్వం, ఔత్వం అన్నీ ఎడమ పక్కనే. అదే కీకి షిఫ్టు పట్టుకుంటే అచ్చు అక్షరం, అంటే ఆ, ఇ, ఉ. అచ్చులు మాట మొదట్లోనే కదా వచ్చేది, మధ్యలో అన్నీ గుణింతాలే. కాబట్టి అచ్చు కోసం షిఫ్టు మాటకు ఒక్కసారి పడితే ఎక్కువ. ఒత్తు రావాలంటే ముందు కొట్టాల్సిన పొల్లు ఇంగ్లీషు డి కీ మీద, ఎడమ మధ్యవేలు కిందే ఉంది. మన భాషకు ఇన్ని ఒత్తులుంటే పొల్లుకు ఆ చోటు సరైనదే.

మరి ట, త ఎక్కడున్నాయి? త ఉంగరం వేలి కింద, ట చిటికెన వేలికి. షిఫ్టు జారినా "ట" "త" కాదు. ణ అనేది మ కీ మీద షిఫ్టులో ఉంది. షిఫ్టు జారితే "గణపతి" "గమపతి" అవుతాడు, దాన్ని చదువు రానివాడు తప్ప ఎవరూ దాటిపోరు. నాకు ఈ బోర్డు నచ్చిన కారణం ఇంతే. తప్పులు ఇక్కడా పడతాయి, అయితే కంటికి గుచ్చుకొనేలా పడతాయి. ల-ళ, స-శ మాత్రం ఇక్కడ కూడా షిఫ్టు జంటలే. వాటి దగ్గర పాత జాగ్రత్తే గతి.

వేగం గురించి అడుగుతారని తెలుసు. లెక్క చెప్తాను, మీరే చూసుకోండి. "కడప" ఇంగ్లీషు అక్షరాల్లో ఆరు దెబ్బలు, పైన ఒక షిఫ్టు. ఇన్‌స్క్రిప్ట్‌లో మూడే, క, డ, ప. తలకట్టు ఉన్నచోటల్లా ఒక దెబ్బ మిగులు. "తెలుగు" అక్కడా ఆరు, ఇక్కడా ఆరు. "ముప్పు" అక్కడ ఐదు, ఇక్కడ ఆరు, ఎందుకంటే ఒత్తుకు మధ్యలో పొల్లు కొట్టాల. తలకట్టు దగ్గర మిగిలింది ఒత్తు దగ్గర ఖర్చయిపోతుంది. అందుకే వేగం కోసం మారండి అని నేను ఎవరికీ చెప్పను.

ఇంగ్లీషు వాళ్లదీ ఇదే గొడవ. షోల్స్ తయారు చేసిన టైపు మిషను రెమింగ్టన్ కంపెనీ ద్వారా 1874లో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు అందరి ఇంగ్లీషు కీబోర్డుల మీదున్న ఈ క్వర్టీ వరుస అక్కడి నుంచి పెరిగిందే. 1936లో ఆగస్ట్ డ్వొరాక్, విలియం డీలీ అనే ఇద్దరు వేరే వరుసకు పేటెంటు తీసుకున్నారు. అందులో అచ్చులన్నీ ఎడమ చేతి నడిమి వరుసలో, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. మన ఇన్‌స్క్రిప్ట్ చూసినోళ్లకు ఇది తెలిసిన మొహమే. డ్వొరాక్‌తో వేగం బాగా పెరుగుతుందని చానా ప్రచారం జరిగింది. 1956లో అమెరికా ప్రభుత్వం తరఫున ఎర్ల్ స్ట్రాంగ్ అనే ఆయన పరీక్ష పెడితే, క్వర్టీ వాళ్లకు కూడా అదనపు సాధన ఇస్తే వాళ్లేమీ వెనకబడలేదని తేలింది. 2006లో షై కోల్‌మన్ అనే ఆయన కోల్‌మాక్ అనే ఇంకో వరుస తెచ్చినాడు. క్వర్టీలో పదిహేడు కీలే మార్చి, కాపీ, పేస్టు కీలు ఉన్నచోటనే ఉంచినాడు. మారేవాని కష్టం తెలిసిన మనిషి అనిపిస్తుంది నాకు.

అయితే వాళ్లకూ మనకూ ఒక తేడా ఉంది. ఇంగ్లీషులో బోర్డు మార్చినవాడు ఇన్నేండ్లు నేర్చుకున్నదాన్ని మరిచిపోవాల. పక్కింటి కంప్యూటర్ ముందర కూర్చుంటే తడబడతాడు. మనకు ఆ నష్టం లేదు. ఇంగ్లీషుకు క్వర్టీ అట్లే ఉంటుంది, తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. విండోస్ కీ పట్టుకొని స్పేస్ కొడితే ఇటు నుంచి అటు. రెండు బాసలకు రెండు బోర్డులు. మొదట్లో "క" కొట్టాల్సిన చోట ఇంగ్లీషు కె పడి స్క్రీను మీద కలగాపులగం అవుతుంది, నెల రోజులకు సర్దుకుంటుంది.

ఆ నెల గురించి దాచకుండా చెప్పాల. మొదటి వారం నేను పత్రికలో నాలుగు లైన్లు కొట్టడానికి అర్ధగంట పట్టింది. పగలు షాపులో పాత పద్ధతే. కూడు పెట్టేదాన్ని ఒక్కసారిగా వదలలేం కదా. రాత్రి షట్టరు దించినాక ఇరవై నిమిషాలు కొత్తది. ఏమి కొట్టాలో తెలియక, కర్నూలు బస్సు ఆగే ఊర్ల పేర్లు వరుసగా కొట్టేవాన్ని. కడప, ఖాజీపేట, మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు. నమ్మండి, ఇంతకు మించిన పాఠం లేదు. ఖాజీపేటలో షిఫ్టు ఖ, మైదుకూరులో ఐత్వం, దువ్వూరులో ఒత్తు, ఆళ్లగడ్డలో అచ్చు ఆ, షిఫ్టు ళ, రెండు ఒత్తులు. అది గట్టెక్కితే ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి మీదుగా అనంతపురం. మా ఇంటామె ఒక రాత్రి వెనక నిలబడి చూసి, "బస్సులు నడపను పోతావా ఏంది?" అనింది.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరో చెప్తుంటే అర్జీ కొడుతున్నాను. సగం అయినాక గమనించినాను, నేను కొత్త బోర్డులో ఉన్నాను. ఎప్పుడు మార్చినానో గుర్తు లేదు.

ఇబ్బందులు చెప్పకపోతే నేను ఏజెంటులాగా ఉంటాను. ఈ బోర్డు దేశంలోని లిపులన్నిటికీ ఒకే పోలికలో చేసింది. హిందీకి కురచ ఎ, కురచ ఒ అవసరం లేదు, కాబట్టి ఏత్వానికి, ఓత్వానికి నడిమి వరుసలో మంచి చోటు ఇచ్చి, ఎత్వాన్ని అడుగు మూలకు, ఒత్వాన్ని పైన ఒకటి అంకెకు ఎడమ పక్కకు తోసినారు. "కొడుకు", "కొత్త", "చెట్టు", "పెండ్లి" అని గంటకు వందసార్లు కొట్టే మనకు ఎడమ చిటికెన వేలు నొప్పి పుడుతుంది. తెలుగువాళ్లను అడిగి చేసి ఉంటే ఇట్లా ఉండేది కాదు. ఇంకొకటి, మ, న, వ మూడూ ఎడమ చేతి అడుగు వరుసలోకి జారినాయి. "కడప" మొత్తం కుడి చేతితో అయిపోతుంది, "నేను" మొత్తం ఎడమ చేతితో. "అమ్మ" అని కొట్టాలంటే షిఫ్టు సంగతి అటుంచితే ఎడమ మధ్యవేలు ఒక్కటే పైకీ కిందికీ నాలుగుసార్లు తిరగాల. అమ్మ పని ఎప్పుడూ ఒక్క మనిషి మీదే పడుతుంది అనుకున్నాను.

ఫోన్లో ఇదంతా అక్కరలేదు. బొటనవేళ్లకు వరుసలతో పని లేదు, నోటితో చెప్పినా అదే రాసుకుంటుంది. నేను కూడా ఫోన్లో నోటితోనే చెప్తాను. ఇంకా, తెలుగు టైపు మిషను మీద హయ్యరు పరీక్ష పాసైన పెద్దలు ఇక్కడ ఉంటే వాళ్ల జోలికి నేను పోను. ఆ వేళ్లలో వేరే బోర్డు గట్టిగా ఉంది, ఉండనీయండి. నేను చెప్పేది రోజుకు రెండు గంటలకు మించి తెలుగు కొట్టేవాళ్లకు, పేర్లు రాయాల్సిన పనిలో ఉన్నవాళ్లకు. బళ్లలో హాజరుపట్టీలు, గ్రామ సచివాలయాల్లో జాబితాలు, మాలాంటి షాపులు. మనిషి పేరు తప్పు పడితే ఆ మనిషి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు, మనం కాదు.

కీల మీద తెలుగు స్టిక్కర్లు అతికించుకోవచ్చా అని పొద్దున ఒకాయన అడిగినాడు. వద్దు. అతికిస్తే కన్ను కిందికి పోతుంది, వేలు ఎప్పటికీ నేర్చుకోదు. బోర్డు బొమ్మ అచ్చు తీసి స్క్రీను పక్కన గోడకు అతికించండి, తల ఎత్తి చూసుకోవాల. వెనకటికి టైపు ఇన్‌స్టిట్యూట్లలో మాస్టారు మన చేతుల మీద గుడ్డ కప్పేవాడు, అందుకే.

వెనక బల్ల మీద రెండు కంప్యూటర్లు పెట్టించినాను, బొమ్మ కాగితాలు ఒక యాభై ఉన్నాయి. "కడప"తో మొదలుపెట్టండి, మూడు దెబ్బలే. ఆళ్లగడ్డ దాకా వచ్చినవాళ్లు నన్ను పిలవండి, ఒత్తులు ఎట్లా కొట్టాలో పక్కన కూర్చొని చూపిస్తాను. ఆ నీలం చొక్కా పిల్లోడా, ఫోను జేబులో పెట్టి నువ్వు ముందు రా నాయనా.