విశాఖ బీచ్‌లో సోవియట్ జలాంతర్గామి ఉంది, మనం కట్టిన ఓడ ఏదీ?

నమస్కారం. బీచ్ రోడ్డుకు ఇంకా ఏయే హంగులు చేయాలన్న గొడవ మీకందరికీ తెలిసిందే. కొత్త దీపాలు, కొత్త బొమ్మలు, సెల్ఫీల కోసం నిలువెత్తు అక్షరాలు. నేను అడిగేది ఒక్కటే. మనం కట్టిన ఓడ ఏదీ?

ఆర్కే బీచ్‌లో నిలబడి చూడండి. ఇటు కురుసుర జలాంతర్గామి, 2002లో మ్యూజియంగా తెరిచారు, తయారైంది సోవియట్ యూనియన్‌లో. రోడ్డుకు అటు టీయూ-142 విమానం, అదీ సోవియట్‌దే. ఆ మధ్య విరాట్‌ను కూడా తెచ్చుకోవాలని తెగ ఆరాటపడ్డాం, అది బ్రిటన్‌లో పుట్టిన నౌక. వీటిని తీసేయమని నేను అనడం లేదు. పిల్లలకు తప్పకుండా చూపించండి. కానీ ఓడలు కట్టే ఊరు బయట తయారైనవాటిని నడివీధిలో నిలబెట్టి, తన చేతులతో కట్టినదాన్ని మరిచిపోవడం ఏమిటి?

1948 మార్చి 14. మన విశాఖ షిప్‌యార్డులో కట్టిన జల ఉష నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. ఎనిమిది వేల టన్నుల ఆవిరి ఓడ, స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైనా కాలేదు! ఆ యార్డుకు 1941లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాదే జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. అయినా యుద్ధం ముగిసిన మూడేళ్లలోపే ఓడ సిద్ధమైంది. అంతటి కథ ఉన్న ఓడను బీచ్‌కు వచ్చే పిల్లల్లో ఎంతమంది విన్నారు?

దీనికి కారణం నాకు తెలుసు, ఎవరు కాదన్నా ఇదే అంటాను. మనకు యుద్ధం చేసిన యంత్రం కనిపిస్తుంది, దాన్ని కట్టిన మనిషి కనిపించడు. కెప్టెన్‌కు ఫొటో ఉంటుంది, వెల్డర్‌కు ఉండదు. అందుకే మన వారసత్వమంతా ఫిరంగులతో నిండిపోయింది.

విశాఖ ఒక్కటే కాదు. 17వ శతాబ్దంలో యూరప్ వర్తకులు నరసాపురం వచ్చి ఓడలు కట్టించుకున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి ఓడల మరమ్మతుకు పేరుపడ్డ రేవు, 1839 ఉప్పెన దాన్ని దెబ్బకొట్టింది. పక్కనే తాళ్ళరేవులో చెక్క ఓడల పని ఆ తర్వాతా సాగింది. ఇంకా వెనక్కి వెళ్తే శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ! రాజుగారే ఓడను నాణెం మీద ముద్రించుకుంటే మనకు ఒక కూడలిలో పెట్టడానికి చేతులు రావడం లేదు.

మన తీరపు కుట్టు పడవ, మసులా పడవ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ పడవలో ఒక్క మేకు ఉండదు. పలకల అంచుల వెంట వరుసగా రంధ్రాలు వేసి, సందు మీద పీచు పరిచి, కొబ్బరి తాడుతో బిగించి కుడతారు. అల వచ్చి కొడితే మేకుల పడవ పగులుతుంది, ఇది ఒంగి మళ్లీ నిలుస్తుంది. మన తీరపు అలలను చదివిన బుర్ర అది!

ఇప్పుడు అసలు మాట. అద్దాల పెట్టెలో నమూనా ఓడ పెట్టి రిబ్బను కత్తిరించకండి. బీచ్ పక్కన ఒక పెద్ద షెడ్డు వేసి, జనం కళ్లముందే పడవ కట్టండి. సుత్తి చప్పుడు రోడ్డు మీదికి వినపడాలి. తాడు లాగి కుట్టు బిగించడం పిల్లలు చేత్తో చేసి చూడాలి. ఫ్రాన్స్‌లోని రోష్‌ఫోర్‌లో హెర్మియోన్ అనే పాత యుద్ధనౌకను 1997 నుంచి జనం చూస్తుండగానే మళ్లీ కట్టారు. 2015లో అది అట్లాంటిక్ దాటింది. అంత దూరం ఎందుకు? అజంతా చిత్రం ఆధారంగా కుట్టిన ఓడ కౌండిన్య 2025లో మన నౌకాదళంలో చేరింది. కట్టింది కేరళ కళాకారులు, గోవాలో. మసులా పడవలు తిరిగిన తీరంలో అలాంటి షెడ్డు ఒక్కటైనా ఉండాలా వద్దా?

మీ ఇంట్లో షిప్‌యార్డులో పనిచేసిన తాతగారో నాన్నగారో ఉంటే, ఆయన పేరు, చేసిన పని ఈ వీడియో కింద రాయండి. తాళ్ళరేవు వడ్రంగుల కుటుంబాలవారు పాత పనిముట్ల ఫొటోలు పంపండి. వచ్చే వీడియోలో ఆ పేర్లన్నీ చదువుతాను, ఆ తర్వాత ఆ జాబితానే షెడ్డు కోసం ఇచ్చే అర్జీకి జతచేస్తాను.