ఎపిసోడ్ 63: సెకండ్ ఫేజ్‌లో వేలు పెట్టాలా, వద్దా?

స్వప్న: ఎర్ర లైటు వచ్చింది, మాట్లాడొచ్చు. అందరికీ నమస్కారం. ఇవాళ ఇంజనీరింగ్ సీట్ల ఎంసెట్ కౌన్సెలింగ్...

రమణ: ఈఏపీసెట్.

స్వప్న: ఆ పేరు మా ఆంధ్రాలో 2021 నుంచి, మీ తెలంగాణలో 2024 నుంచి. నా నోటికి మాత్రం ఎంసెట్టే. సరే, ఫస్ట్ ఫేజ్‌లో సీటొచ్చింది, ఇప్పుడు మనసు మారింది, ఏం చేయాలని అడుగుతున్నారు.

రమణ: సివిల్ తీసుకోండి.

స్వప్న: మొదలెట్టాడు! నిమిషం కూడా ఆగలేదు.

రమణ: ఉండక్కా, ముందు రూలు చెప్పేస్తా. సెకండ్ ఫేజ్‌లో మళ్లీ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీ, బ్రాంచ్‌ల లిస్టు పెట్టారనుకో, అందులో ఏదొచ్చినా పాత సీటు పోయినట్టే. ఏడ్చినా రాదు. ఏదీ రాకపోతేనే పాతది మిగులుతుంది.

స్వప్న: అదీ ఫస్ట్ ఫేజ్‌లో ఫీజు కట్టి, సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఈ సీటు నాకు ఓకే అని ఆన్‌లైన్‌లో చెప్పడం, చేసుంటేనే.

రమణ: అవును. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే నచ్చినవే పెట్టాలి. ఖాళీ ఉంది కదాని యాభై నింపితే కొంప మునుగుతుంది. కాలేజీ అదే, బ్రాంచ్ మాత్రమే మారాలంటే మా తెలంగాణలో చివర్లో ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది.

స్వప్న: పెసరట్టు రూలు. ప్లేట్లో ఉన్న పెసరట్టుకంటే నచ్చేదైతేనే ఇంకోటి అడగాలి.

రమణ: (నవ్వు) పెసరట్టు రూలే. టాపిక్ అయిపోయింది, ఇంటికెళ్దామా?

స్వప్న: ఎక్కడికి? నీ సంగతి చెప్పు. ఆ యాభై నింపింది నువ్వే కదా.

రమణ: నేను కాదు, మా కోడ్ బాబాయ్. నాలుగక్షరాల కాలేజీ కోడ్లన్నీ ఆయనకి కంఠతా. నోట్‌బుక్‌లో రాసిచ్చాడు, ఖమ్మంలో నెట్ సెంటర్ వాడు టకటకా కొట్టేశాడు.

స్వప్న: ఫస్ట్ ఫేజ్‌లో వచ్చిన సివిల్ నీకు ఇష్టమే కదా?

రమణ: ప్రాణం. కానీ ఇంటికొచ్చిన ప్రతివాడూ "మేస్త్రీ పనికి నాలుగేళ్ల చదువెందుకు" అనేవాడు. నాన్న మెత్తబడ్డాడు. సెకండ్ ఫేజ్‌లో ఎక్కడో ఊరి బయట కాలేజీలో సీఎస్‌ఈ, అదే కంప్యూటర్స్, వచ్చింది. మూడోరోజుకల్లా సివిలే కావాలని హెల్ప్‌లైన్ సెంటర్‌కి పరిగెత్తా. కౌంటర్లో ఆయన చూసి, ఆ సీటు ఇంకొకరికి పోయింది బాబూ అన్నాడు.

స్వప్న: మరి ఆ ఆప్షన్లు ఫ్రీజ్ చేసి ఖాయం చేసేటప్పుడు నువ్వక్కడే ఉన్నావుగా?

రమణ: ఉన్నా. పాస్‌వర్డ్ కాగితం నాన్న జేబులో ఉంది.

స్వప్న: కాగితం ఆయన జేబులో ఉంటే నోరు నీ దగ్గరే ఉంది కదరా!

రమణ: పదిహేడేళ్లక్కా నాకు. అంతమంది ముందు ఏమంటాను?

స్వప్న: వద్దనాలి. ఎన్నేళ్లయినా ఆయన మీదకే తోస్తావు.

రమణ: నువ్వు అసలు సెకండ్ ఫేజ్‌కే వెళ్లలేదు, నీకేం తెలుస్తుంది?

స్వప్న: వెళ్లలేదనే మాట్లాడుతున్నా. భయం. ఉన్నదీ పోతుందని నోరు మూసుకుని ఈసీఈలో, అదే ఎలక్ట్రానిక్స్‌లో, కూర్చున్నా. ఇప్పటికీ సర్క్యూట్ చూస్తే కడుపులో తిప్పుతుంది. నువ్వు కనీసం మూడోరోజు పరిగెత్తావు.

రమణ: ...

స్వప్న: ఏంట్రా?

రమణ: ఏం లేదు. మొన్న నాన్నని కంటి పరీక్షకి తీసుకెళ్తుంటే ఫ్లైఓవర్ ఎక్కాం. కిటికీలోంచి కిందికి చూసి, "ఇలాంటిదే నువ్వూ కట్టుండేవాడివి రా" అన్నాడు. నేను హారన్ కొట్టా.

స్వప్న: ఎదురుగా ఎవరున్నారు?

రమణ: ఎవరూ లేరు.

స్వప్న: ...టీ తాగుతావా?

రమణ: పంచదార వద్దు. ఇంతకీ ఆ ఫ్లైఓవర్ జాయింట్ దగ్గర కారు ఎగురుతోందక్కా, బేరింగ్ సరిగ్గా...

స్వప్న: సివిల్! మళ్లీ సివిల్! ఆపేస్తున్నా, పాలు పొంగుతున్నాయ్...