తగ్గిన బరువు తిరిగి రాకూడదంటే...

హోస్ట్: నమస్తే అక్కా. సుత్తి లేకుండా విషయంలోకి వెళ్దాం. మన అనంతపురంలో పొద్దున్నే పీటీసీ గ్రౌండ్‌కి వెళ్తే, కష్టపడి పది, పదిహేను కిలోలు తగ్గినవాళ్లు కనిపిస్తారు. రెండేళ్లు పోయాక చూస్తే వాళ్లలో చాలామంది మళ్లీ మునుపటిలాగే ఉంటారు. ఎందుకిట్లా?

డైటీషియన్: "నాలుగు నెలలు నోరు కట్టుకున్నాడు, తర్వాత బద్ధకమొచ్చింది" అనేస్తారు అందరూ. అది సగం మాటే. బరువు తగ్గితే మనకు సంతోషం, ఒంటికి మాత్రం కరువొచ్చినట్టు. మన సీమవాళ్లకు కరువంటే ఏందో వేరే చెప్పాలా? ఉన్నది పొదుపుగా వాడటం, దొరికిందల్లా దాచుకోవడం. ఒళ్లూ అదే చేస్తుంది.

హోస్ట్: అంటే నిజంగానే ఆకలి పెరుగుతుందా, లేక మన మనసు చేసే మాయా?

డైటీషియన్: నిజంగానే. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందితో పది వారాలు గట్టి డైట్ చేయించారు. ఏడాది తర్వాత రక్తం పరీక్ష చేస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ ఇంకా ఎక్కువగానే ఉంది. ఒంట్లో నిల్వ చాలినంత ఉందని మెదడుకు చెప్పే లెప్టిన్ ఇంకా తక్కువగానే ఉంది. అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం వేసిన లెక్క ఇంకోటుంది. కిలో బరువు తగ్గితే ఒళ్లు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తక్కువ ఖర్చు పెడుతుంది. ఆకలి మాత్రం రోజుకు 100 కేలరీల దాకా పెరుగుతుంది.

హోస్ట్: అంటే పది కిలోలు తగ్గినోడికి రోజూ వెయ్యి కేలరీల ఆకలి ఎక్కువా!

డైటీషియన్: సుమారుగా అంతే. అందుకే తగ్గినవాళ్లకు నేను చెప్పేదొకటే. తగ్గడానికి ఏం తిన్నావో, దాదాపు అదే తిండితో ఇకపైనా బతకాలి. "టార్గెట్ వచ్చేసింది, ఇంక మామూలుగా తింటా" అన్నావంటే ఆ మామూలు తిండి పాత బరువుకు సరిపోయే తిండి. మళ్లీ అక్కడికే తీసుకుపోతుంది.

హోస్ట్: ఇక్కడే చిక్కొస్తుందక్కా. జీవితాంతం ఓట్స్ తిని ఎవరుంటారు?

డైటీషియన్: ఎవరూ ఉండరు. "సంగటి మానేశా అక్కా" అని గొప్పగా చెప్తారు నా దగ్గరికొచ్చి. ఎన్నాళ్లు మానేస్తావు నాయనా అంటే జవాబుండదు. చిన్నప్పటి నుంచి తిన్నది వదిలేసే ప్లాన్ ఏదైనా సరే, నాకు నమ్మకం లేదు. సంగటి తిను, ముద్ద సైజు చూసుకో. ఇంకోటి, రాగి అంటే ఎంత తిన్నా లావెక్కం అనుకుంటారు. పీచు, కాల్షియం ఎక్కువే, కాదనను. కేలరీల్లో మాత్రం రాగిపిండికీ బియ్యానికీ పెద్ద తేడా లేదు. ముద్ద సగం చేసి, పుల్లగూర రెండింతలు వేసుకో. పక్కన గుడ్డో, గుగ్గిళ్లో ఉండాలి. శెనక్కాయలు నూరి చేసే ఊరిబిండి నంజుకో, కలుపుకుని తినొద్దు.

హోస్ట్: ఊరిబిండి మీద పడ్డారే! శెనక్కాయల జిల్లాలో ఈ మాటంటే ఊరుకుంటారా?

డైటీషియన్: శెనక్కాయలు మంచివే, పగేం లేదు. కానీ 30 గ్రాములు, అంటే గుప్పెడు విత్తనాలు, 170 కేలరీలు. టీవీ ముందు కూర్చుంటే గుప్పెడుతో ఆగుతామా? అట్లాగే ఉగ్గాని చూడు. బొరుగులు నానబెట్టి పిండితే ప్లేటు నిండా కనిపిస్తాయి, నిజానికి తూకం తక్కువే. అసలు కేలరీలు పోపు నూనెలో ఉన్నాయి. పెద్ద చెంచా నూనె అంటేనే 120 కేలరీలు. చాలా ఇళ్లలో చెంచా ఉండదు, ప్యాకెట్ మూల కత్తిరించి బాణలిలోకి వంచేయడమే. దాని మీద పప్పుల పొడి, పక్కన మూడు మిరపకాయ బజ్జీలు. నేనైతే ఉగ్గాని మానమనను. నూనె చెంచాతో కొలిచి వెయ్యమంటాను, బజ్జీ ఒక్కటి చాలంటాను.

హోస్ట్: సరే. రెండేళ్లు, ఐదేళ్లు నిలబెట్టుకున్నవాళ్లు ఏం చేస్తున్నారు మరి?

డైటీషియన్: అమెరికాలో 1994 నుంచి అట్లాంటివాళ్ల వివరాలు ఒక రిజిస్టర్‌లో రాసిపెడుతున్నారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా నిలబెట్టుకున్నవాళ్లే అందులో చేరతారు. వాళ్లలో నూటికి 75 మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటున్నారు. 90 మంది రోజుకు సగటున గంట కదులుతున్నారు. వాళ్లంతట వాళ్లు చేరినవాళ్లు కాబట్టి ఇదే సూత్రమని పట్టుకోకూడదు. కానీ బరువు చూసుకునే అలవాటు మాత్రం నాకు బాగా నచ్చింది. పట్టే టైమ్ కూడా ఒక్క నిమిషమే.

హోస్ట్: రోజూ చూసుకుంటే టెన్షన్ కదా?

డైటీషియన్: అరకిలో అటూ ఇటూ అయినందుకు టెన్షన్ పడితే కష్టమే. రాత్రి ఊరగాయతో తింటే ఆ ఉప్పుకు నీరు నిలిచి పొద్దున కిలో ఎక్కువ చూపిస్తుంది, అది కొవ్వు కాదు. వారానికోసారి, పరగడుపున చూసుకో. రెండు కిలోలు పెరిగి రెండు వారాలైనా దిగకపోతే అప్పుడు తిండి సర్దుకో. పది కిలోలు పెరిగేదాకా మిషన్‌ను మంచం కిందికి నెట్టేసేవాళ్లే ఎక్కువ.

హోస్ట్: గుంతకల్లు నుంచి ఒక శ్రోత అడిగారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఈ బాధంతా ఎందుకని.

డైటీషియన్: పనిచేస్తాయి, అవసరమైనవాళ్లకు డాక్టరే రాస్తారు. అయితే సెమాగ్లుటైడ్ అని, ఆ ఇంజెక్షన్లలో ఒక మందు, దాని మీద ఒక పెద్ద అధ్యయనంలో, ఆపేసిన ఏడాదికల్లా తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. కాబట్టి మొదలుపెట్టేముందే "ఎప్పుడు ఆపాలి, ఆపాక ఏం చెయ్యాలి" అని డాక్టర్‌ను అడగాలి. ఇంకో మాట. తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. నడక ఒక్కటే చాలదు, వారానికి రెండు రోజులైనా బరువులెత్తు. మన ఎండల్లో ఏప్రిల్, మే వస్తే గ్రౌండ్ ఖాళీ అయిపోతుంది. ఆ రెండు నెలలకు ఇంట్లో చేసుకునేది ముందే చూసి పెట్టుకోవాలి.

హోస్ట్: చివరగా, పెళ్లిళ్ల సీజన్. ఓళిగ, అదే బొబ్బట్టు, వద్దంటే అత్తగారింట్లో గొడవైపోతుంది.

డైటీషియన్: వద్దని ఎందుకంటావు? నెయ్యేసుకుని రెండు తిను. మర్నాడు పొద్దున నీ మామూలు తిండికి వచ్చెయ్. ఆ రెండు ఓళిగలతో ఏం కాదు. వచ్చేటప్పుడు డబ్బా నిండా కట్టిస్తారు చూడు, దాన్ని నాలుగు రోజులు టీలోకి, రాత్రి ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా తింటుంటామే, అక్కడుంది అసలు సంగతి.

హోస్ట్: మరి ఆ డబ్బా ఏం చెయ్యమంటారు?

డైటీషియన్: మీ పక్కింట్లో ఇంటర్ చదివే పిల్లోడు ఎవడైనా ఉంటాడు కదా, వాడి చేతిలో పెట్టు. పొద్దుగూకేలోపు ఖాళీ డబ్బా తెచ్చిస్తాడు.