బుడాపెస్ట్ గ్యాంబిట్: ట్రాప్‌లో పడకపోతే ఆట ఎలా?

చెస్ బోర్డును బ్లాక్ వైపు తిప్పి పెట్టుకోండి. వైట్ డీ4, మనం గుర్రం ఎఫ్6. వైట్ సీ4, మనం ఈ5. అవును, బంటును ఊరికే ఇచ్చేస్తున్నాం, గ్యాంబిట్ అంటే అదే. వైట్ దాన్ని కొట్టగానే మన గుర్రం జీ4కి దూకుతుంది. ఇదే బుడాపెస్ట్ గ్యాంబిట్. 1896లో బుడాపెస్ట్‌లోనే అడ్లర్ మీద మరోజీ ఆడాడు. 1918లో బెర్లిన్‌లో రూబిన్‌స్టీన్ అంతటివాణ్ణి విద్మార్ దీంతోనే 24 ఎత్తుల్లో ఓడించాడు.

పేరుకు గ్యాంబిట్టే గానీ, ఆ బంటు చాలా లైన్లలో మనకు తిరిగి వచ్చేస్తుంది. ఎలా తిరిగొస్తుందన్నది వైట్ నాలుగో ఎత్తును బట్టి ఉంటుంది.

ముందు అందరూ వీడియోల్లో చూసే ట్రాప్. నాలుగో ఎత్తు బిషప్ ఎఫ్4. మనం గుర్రం సీ6, వైట్ గుర్రం ఎఫ్3, మనం బిషప్ బీ4 చెక్. వైట్ రెండో గుర్రాన్ని డీ2లో అడ్డం పెట్టాడు. మనం మంత్రి ఈ7. వైట్ ఏ3 వేసి బిషప్‌ను పొమ్మన్నాడు. మనం పోం. జీ4 గుర్రంతో ఈ5 బంటును కొడతాం. ఆశపడి ఏ3 బంటుతో బిషప్‌ను కొడితే, గుర్రం డీ3, చెక్‌మేట్! ఈ2 బంటు గుర్రాన్ని కొట్టలేదు, ఎందుకంటే ఈ7లోని మన మంత్రి ఎదురుగా రాజు ఉన్నాడు, బంటు పిన్ అయిపోయింది. రాజు చుట్టూ ఉన్న గడులన్నీ అతని పావులతోనే నిండిపోయాయి.

బాగుంది కదా? కానీ కాస్త ఆడటం వచ్చినవాడు ఇందులో పడడు. గుర్రాలు మార్చుకుని ఈ3 వేస్తాడు. అప్పుడు డీ3కి ఎఫ్1 బిషప్ కాపలా ఉంటుంది, మన బీ4 బిషప్‌నేమో ఏ3 బంటు నిజంగానే కొట్టగలదు. కాబట్టి వెంటనే డీ2లో చెక్ ఇస్తూ మార్చేసుకుని, డీ6 వేయాలి. బంటు వచ్చేసింది, పొజిషన్ గట్టిగానే ఉంది, కానీ వైట్‌కి రెండు బిషప్పులు మిగిలాయి. ఇక అతని ప్లాన్ ఒక్కటే: బీ4 వేసి, సీ5 తోయడం. 1992 క్యాండిడేట్స్ (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీలు) సెమీఫైనల్ మొదటి గేమ్‌లో షార్ట్ కూడా ఈ వేరియేషనే ఆడాడు, కార్పోవ్ నెమ్మదిగా నొక్కి గెలిచాడు. (మ్యాచ్ మాత్రం షార్ట్‌దే.) మందు ఏంటంటే, ముందే ఏ5 వేసి బీ4ను ఆపడం, తర్వాత బీ6, బిషప్ బీ7, ఏనుగు ఈ8. ఇది తెలియకుండా ట్రాప్ ఒక్కటే నేర్చుకుంటే పదో ఎత్తు నుంచి చీకట్లో ఆడినట్టే.

బీ4 చెక్‌కి వైట్ గుర్రాన్ని డీ2 బదులు సీ3లో అడ్డం పెడితే? మంత్రి ఈ7. వైట్ మంత్రి డీ5కి వచ్చి ఈ5 బంటును కాస్తుంది. అప్పుడు సీ3లో కొట్టి అతని సీ బంట్లను డబుల్ చేసి (ఒకే నిలువు వరసలో ఒకదాని వెనక ఒకటి), మంత్రి ఏ3. విద్మార్ గేమ్ ఇదే. ఏనుగు సీ1కి వచ్చాక ఎఫ్6 వేయండి. అక్కడ కొడితే మన గుర్రం ఎఫ్6కి వస్తూనే డీ5 మంత్రి మీద పడుతుంది. ఇక్కడ ఒక బంటు నిజంగానే తక్కువ. బదులుగా మనకు దొరికేది అతని విరిగిన బంట్లు, మన పావుల వేగం.

రెండో దారి, నాలుగో ఎత్తు గుర్రం ఎఫ్3. నా ఉద్దేశంలో బుడాపెస్ట్ అసలు రుచి ఇక్కడే. చాలామంది అలవాటుగా గుర్రం సీ6 వేస్తారు, వైట్ బిషప్ జీ5 అని చిరాకు పెడతాడు. ముందు బిషప్ సీ5 వేయండి. ఎఫ్2 మీద బెదిరింపు కాబట్టి వైట్ ఈ3 వేసుకుంటాడు, దాంతో అతని సీ1 బిషప్ లోపలే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత గుర్రం సీ6, క్యాస్లింగ్, ఏనుగు ఈ8, జీ4 గుర్రంతో బంటు వెనక్కి. ఇప్పుడు ఏ5, ఏనుగు ఏ6, అక్కణ్ణుంచి హెచ్6! మంత్రి హెచ్4కి వస్తే రాజు మీద దాడి మొదలైనట్టే. ఇక్కడ జరిగే పెద్ద తప్పు, తొందరపడి డీ6 వేయడం. ఆ బంటే ఆరో వరసలో ఏనుగుకు అడ్డుగోడ. సీ6 గుర్రం కూడా అక్కణ్ణుంచి కదిలి ఉండాలి. ఇంకొకటి: ఏనుగు ఏ6లో ఉండగా మన బిషప్ సీ5 నుంచి వెనక్కి తగ్గితే, వైట్ సీ5 తోస్తాడు. ఈ2 బిషప్‌కి దారి తెరుచుకుని నేరుగా ఏనుగు మీద పడుతుంది.

మూడోది, ఈ4. డీ1 మంత్రి మన జీ4 గుర్రాన్ని చూస్తోంది, గమనించండి. వెంటనే ఈ5లో కొట్టండి. వైట్ ఎఫ్4 వేస్తాడు. గుర్రం మళ్లీ జీ4కి వెళ్తే పోయినట్టే, సీ6కి పంపండి. తర్వాత బిషప్ సీ5 పడితే వైట్ రాజు వైపు క్యాస్లింగ్ చేసుకోవడానికి అవస్థ పడతాడు.

నాలుగో ఎత్తుగా వైట్ మంత్రి డీ4 వేస్తే మనం డీ6, కొట్టాక గుర్రం సీ6, మంత్రి డీ1కి తగ్గితే బిషప్‌తో డీ6 కొట్టండి. అప్పుడు వైట్ గుర్రం ఎఫ్3 వేస్తే మన గుర్రం ఎఫ్2 కొడుతుంది. రాజు కొట్టగానే బిషప్ జీ3 చెక్, మంత్రి మనకు.

ప్రయోగం బుల్లెట్‌లో (ఒకటి రెండు నిమిషాల గేమ్‌లలో) చేయకండి, 15 నిమిషాలకు ఎత్తుకు 10 సెకన్ల ఇంక్రిమెంట్ కలిసే గేమ్‌లు ఆడండి. గేమ్ అయ్యాక ఇంజన్ (ఎత్తులను విశ్లేషించే ప్రోగ్రామ్) వేసేముందు, మీకు తెలియని మొదటి ఎత్తు ఏదో రాసుకోండి. ఇంజన్ ఎలాగూ వైట్‌కే కాస్త మొగ్గు చూపిస్తుంది, దానికి కంగారు వద్దు.

ఒక్క జాగ్రత్త. రెండో ఎత్తులో సీ4 లేకపోతే ఈ ఓపెనింగే లేదు. గుర్రం ఎఫ్3 గానీ, లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ ఆడేవాళ్ల బిషప్ ఎఫ్4 గానీ పడ్డాక ఈ5 వేస్తే ఆ పావు నేరుగా బంటును కొట్టేస్తుంది. లండన్‌కి సీ5తో జవాబు సిద్ధం చేసుకోండి. ఆన్‌లైన్‌లో డీ4 ఆడేవాళ్లలో లండన్ వాళ్లు చాలామందే తగులుతారు.